పినో న్వార్ మొదటిసారి: ఇంత లేత రంగేంటి, ఫ్రిజ్‌లో పెట్టాలా వద్దా?

కొండాపూర్_కొత్తోడు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ నాసిక్ షిరాజ్, కాబర్నే తప్ప వేరే రెడ్ వైన్ తెలీదు. ఈసారి న్యూజిలాండ్ పినో నోయిర్ ఒకటి తెచ్చాను. గ్లాసులో పోస్తే రూహ్ అఫ్జాలో నీళ్ళు ఎక్కువైనట్టుంది. నోట్లోనూ షిరాజ్‌లా పట్టేయలేదు. కాస్త పులుపు, దాని వెనకే స్పిరిట్ ఘాటు.

అడగాల్సినవి నాలుగు. ఈ రంగు మామూలేనా, సరుకు పాడైందా? రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదంటారు కదా, మరి మన ఎండలకి బయట ఉంచితే ఎలా? శనివారం ఇంటికి నలుగురు వస్తున్నారు, బిర్యానీతో పోతుందా? ఇంకో సీసా కొనాలంటే లేబుల్ మీద ఏం చూడాలి?

తీగపందిరి

సరుకు పాడవలేదండీ, ఆ ద్రాక్ష తీరే అంత. ముందు పేరు సరిచేసుకుందాం. చూడ్డానికి 'నోయిర్'లా ఉన్నా పలకడం 'పినో న్వార్'. ఫ్రెంచిలో పైన్ చెట్టు, నలుపు అనే రెండు మాటలవి. గుత్తి పైన్ కాయలా చిన్నగా, కాయకీ కాయకీ సందు లేకుండా బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు.

దీని సంగతంతా తొక్కలోనే ఉంది. ద్రాక్ష రసానికి సొంతంగా రంగుండదు. నల్ల ద్రాక్షని మెల్లగా పిండి వెంటనే రసం తీసేస్తే దాదాపు తెల్లగానే వస్తుంది. తెల్లటి షాంపేన్‌లోకి ఈ నల్ల ద్రాక్ష వెళ్ళేది ఆ దారినే. ఎరుపు కావాలంటే రసాన్ని తొక్కలతో కలిపి రోజుల తరబడి నాననివ్వాలి. షిరాజ్, కాబర్నేలకి తొక్క మందం, రంగు దండిగా దిగుతుంది. పినోకి తొక్క పల్చన. పైగా రంగునిచ్చే ఆంథోసయనిన్‌లలో చాలా ఎర్ర రకాలకి ఉండే 'ఎసైలేటెడ్' తరగతి దీనికి లేనే లేదు. ఉన్నవి ఐదే, అవి కూడా అంత నిలకడైనవి కావు. అందుకే కొత్త వైన్ కూడా లేత కెంపురంగులో ఉంటుంది, నాలుగేళ్ళు పోతే ఇటుకరంగుకి తిరుగుతుంది.

మీరే పరీక్ష చేసుకోండి. గ్లాసుని న్యూస్‌పేపర్ మీద సగానికి వంచి పట్టుకుని పైనుంచి చూడండి. పినో గుండా అక్షరాలు చదవగలగాలి. షిరాజ్ అయితే నల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. చూడాల్సింది అంచు. సీసా మీద రెండు మూడేళ్ళ కిందటి సంవత్సరమే ఉండి అంచు అప్పుడే గోధుమరంగులోకి వచ్చేసిందంటే అది ఎండదెబ్బ తిన్న సరుకు. కెంపురంగే ఉంటే నిశ్చింతగా ఉండండి.

నోటిని పట్టేయకపోవడానికి కారణమూ అదే. వైన్‌లో టానిన్ అంటే మన వగరే. పచ్చి అరటికాయ కొరికితే, డికాక్షన్ ఎక్కువసేపు మరిగితే నాలుక మీద గరుకుగా తగులుతుందే, అది. పినోలో తొక్క నుంచి వచ్చే వగరు తక్కువ, గింజల నుంచి వచ్చేదే ఎక్కువ. అందుకే గింజ చితికితే వైన్ చేదెక్కుతుంది, చేసేవాళ్ళు చాలా నాజూగ్గా పని నడపాలి. పులియడం మొదలయ్యేలోపు మూడు నుంచి ఏడు రోజులు 10 డిగ్రీల దగ్గర చల్లగా నానబెడతారు. ఆ దశలో ఆల్కహాల్ ఇంకా పుట్టలేదు కాబట్టి రంగూ వాసనా దిగుతాయి గానీ గింజలోని వగరు పెద్దగా దిగదు. పులిసేటప్పుడు పైకి తేలిన తొక్కల పొరని రోజుకి ఒకటి రెండుసార్లు కిందికి నొక్కుతారు. కొందరు కాడలతో సహా మొత్తం గుత్తినే వేస్తారు, దానివల్ల ఒకరకం లవంగం, పచ్చి కాడ వాసన వస్తుంది. తర్వాత ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు పద్ధతిలో 228 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాది అటూ ఇటూగా ఉంచుతారు.

మరి ఇందులో వెతకాల్సిందేమిటంటే, వాసన. కొత్త పినోలో చెర్రీ, రాస్ప్‌బెర్రీ అని రాస్తారు. మన ముక్కుకి అలవాటైన లెక్కలో దానిమ్మ గింజ, గులాబీ రేకు, కాస్త లవంగం. నేరేడు పండు, మిరియం తగిలితే అది షిరాజ్ వైపు వాసన. మంచి పినో పాతబడితే పుట్టగొడుగు, తడి ఆకులు, తొలకరికి లేచే మట్టి వాసన వస్తాయి. దీనికి అన్ని లక్షలు పోసేది ఆ మట్టి వాసన కోసమే. 2018లో న్యూయార్క్ వేలంలో రొమానీ కాంటి అనే బర్గండీ తోటలో చేసిన 1945 నాటి వైన్ ఒక్క సీసా 5,58,000 డాలర్లు పలికింది. అది పినో న్వారే. ఆ తోట మొత్తం రెండు హెక్టార్లు కూడా లేదు.

ఇంకో మాట. ఇది పాత తీగ. పినో గ్రీ, పినో బ్లాంక్ అనేవి వేరే జాతులు కావు, ఇదే తీగ రంగు మారిన రూపాలు. షార్డొనే అయితే పినోకీ గుయే బ్లాంక్ అనే నాటు రకానికీ పుట్టిన బిడ్డ. 1395లోనే బర్గండీ ఏలిన ఫిలిప్ ప్రభువు, 'గమే' అనే దిగుబడి రకాన్ని పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. పినో చోటుని అది తినేస్తోందని ఆయన కోపం.

ఐసుబకెట్

మీ నాలుకకి తగిలిన స్పిరిట్ ఘాటు వైన్ తప్పు కాదు, మీ హాలు వేడి. 'రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో' అనే మాట ఫ్యాన్లు లేని చలిదేశపు రాతి ఇళ్ళలో పుట్టింది. కొండాపూర్ ఫ్లాట్‌లో రూమ్ టెంపరేచర్ అంటే 30. ఆ వేడికి ఆల్కహాల్ ముందే లేచి ముక్కుకి కొడుతుంది, దాని వెనకున్న గులాబీ దాక్కుంటుంది. పినోకి 13 నుంచి 16 డిగ్రీలు కావాలి. షిరాజ్ 18కి కూడా ఏదోలా సర్దుకుపోతుంది గానీ ఇది సర్దుకోదు.

దారులు రెండు. ఒకటి, బయట 30 డిగ్రీల్లో ఉన్న సీసాని ఫ్రిజ్ మామూలు అరలో సుమారు రెండు గంటలు ఉంచండి. రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉండిపోయిందా, పోయడానికి అరగంట ముందు తీసి బల్ల మీద పెట్టండి. రెండోది, టైము లేనప్పుడు: బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు. సీసా మెడ దాకా మునగాలి. 12 నుంచి 15 నిమిషాలు చాలు. ఉత్త ఐసు వేస్తే పని కాదు, ముక్కల మధ్య గాలి ఉంటుంది, చల్లదనం సీసాకి అందదు. నీళ్ళు కలిపితేనే నలువైపులా తగులుతుంది. డీప్ ఫ్రీజర్ జోలికి పోవద్దు. మాటల్లో పడి మర్చిపోతే లోపల గడ్డకట్టి ఉబ్బి బిరడాని బయటికి తోస్తుంది.

థర్మామీటర్ లేదంటే చేత్తో చూడండి. సీసా ఒళ్ళు కుండ నీళ్ళ కంటే చల్లగా, ఫ్రిజ్ నీళ్ళంత కాకుండా ఉండాలి. బయట చెమ్మ పలచగా పట్టి ఆగిపోవాలి, ధార కట్టకూడదు. మరీ చల్లబడితే ఇంకో తంటా: వాసన ముడుచుకుపోయి పులుపొక్కటే మిగులుతుంది. అప్పుడు గ్లాసు గిన్నెని రెండు అరచేతుల్లో పట్టుకుని మూడు నాలుగు నిమిషాలు ఉంచండి, తెరుచుకుంటుంది. మిగతా సమయంలో కాడ పట్టుకునే తాగాలి.

గ్లాసు బొజ్జ పెద్దదిగా, మూతి చిన్నదిగా ఉండాలి. అందులో మూడో వంతుకి మించొద్దు, 100 మి.లీ. దగ్గర ఆపండి. ఏసీ లేని గదిలో నిండుగా పోస్తే తాగేలోపే వేడెక్కుతుంది. కొంచెం కొంచెంగా పోసుకుంటూ సీసాని బకెట్ పక్కనే ఉంచితే సరి. నలుగురు అతిథులకి తలా రెండు గ్లాసులంటే 800 మి.లీ., ఒక్క 750 మి.లీ. సీసా చాలదు, మీరూ తాగుతారు కాబట్టి రెండు పెట్టుకోండి. అందరికీ 21 నిండి ఉండాలని, ఎవరూ బండి తియ్యకూడదని విడిగా చెప్పక్కర్లేదనుకుంటా. రక్తంలో పరిమితి 100 మి.లీ.కి 30 మి.గ్రా. మాత్రమే, శనివారం రాత్రి మన రోడ్ల మీద పోలీసులు గొట్టం పట్టుకుని నిలబడే ఉంటారు.

డికాంటర్‌లో, అంటే వైన్‌కి గాలి తగలడానికి వాడే గాజు కూజాలో, పోసి గంట ఉంచమని వీడియోల్లో చూపిస్తారు. అది కాబర్నేకి. పినో గ్లాసులోనే పావుగంటలో విచ్చుకుంటుంది. పాత పినోని డికాంటర్‌లో పోస్తే ఉన్న కాస్త సువాసనా గదిలోకి పోతుంది.

ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ పూట హాల్లో అగరుబత్తి, సాంబ్రాణి వెలిగించొద్దు. బల్ల మీద మల్లెపూలు కూడా వద్దు. గ్లాసులు సబ్బు వాసన పోయేదాకా వేడి నీళ్ళతో కడిగి బోర్లించి ఆరబెట్టండి, వంటింటి గుడ్డతో తుడిచారా మసాలా వాసన అంటుకుంటుంది. షిరాజ్‌కైతే ఇవేవీ లెక్కలోకి రావు.

ఇరానీచాయ్_సగం

బిర్యానీ మాట పక్కకు పెట్టన్నా. గా మసాలాల ముందర ఇది నిలవదు. మిర్చీ కారం మీద ఆల్కహాల్ పడితే మంట రెట్టింపైతది, నోరు మండుతుంటే గులాబీ వాసన ఎవనికి కావాలె? మిర్చీ కా సాలన్ అయితే అస్సలే వద్దు.

పుల్లటి కూరలు గూడ గంతే. తినే కూర వైన్ కంటే పుల్లగుంటే వైన్ చప్పగ, నీళ్ళ లెక్క అయిపోతది. గోంగూర మటన్, పులిహోర, చింతపండు పులుసు, మామిడికాయ పప్పు, ఇవన్నీ మంచియే గని వేరే రోజుకు.

మరేం పెట్టాలంటవా? పత్తర్ కా గోష్త్ పెట్టు. రాయి మీద కాలిన మటన్, మిరియాలు, కొంచెం అల్లం వెల్లుల్లి, అంతే కదా. సన్నగ కోసిన ముక్క, పొగ వాసన, గ్రేవీ లేదు. దీనికంటే మంచి జోడీ మన ఊర్ల దొరకదు. పచ్చిమిర్చి మాత్రం సగం తగ్గియ్యి. షికంపురీ కబాబ్ గూడ మంచిగుంటది, లోపల పెరుగు ఉంటది గని పులుపు తక్కువ. శాకాహారులుంటే పుట్టగొడుగులు నెయ్యిల, వెల్లుల్లి, మిరియాలు ఏసి పెద్ద మంట మీద నీళ్ళు ఇగిరేదాక వేపు. ముక్క అంచులు ఎర్రగ కాలాలె. పినోలున్న మట్టి వాసన, పుట్టగొడుగు వాసన అన్నదమ్ముల లెక్క కలుస్తయి. పక్కకు బగారా అన్నం పెట్టు, బగారా బైంగన్ కాదు. దాంట్ల చింతపండు ఉంటది.

నిమ్మచెక్క

పై అన్నతో ముక్కాలు భాగం ఒప్పుకుంటా, బిర్యానీ దగ్గర మాత్రం కాదు. బిర్యానీలన్నీ ఒకటి కావు. కచ్చీ మటన్ బిర్యానీ ఇంట్లో వండితే, ఎర్ర కారం సగానికి తగ్గించి, వేయించిన ఉల్లిపాయ, కుంకుమపువ్వు వాసన మీద నడిపితే, 13 డిగ్రీలకి చల్లబరచిన కాస్త బలమైన పినో నిలబడుతుంది. వగరు తక్కువ కాబట్టి కారానికి తోడై నోరు ఎండగొట్టదు. కాబర్నే ఆ పని చేస్తుంది, అందుకే బిర్యానీతో కాబర్నే నిజంగా తప్పు. హోటల్ బిర్యానీ సాలన్‌తో అయితే మీరన్నదే రైటు, అప్పుడు పినో న్వార్‌తో చేసిన బుడగల వైన్, 'బ్లాన్ ద న్వార్' అని రాసి ఉంటుంది, అది ఎక్కువ పనికొస్తుంది.

హలీమ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. కారం తక్కువ, నెయ్యి ఎక్కువ, గోధుమ మెత్తదనం. పినోలోని పులుపు ఆ నెయ్యిని కోస్తుంది. కాకపోతే పైన నిమ్మకాయ పిండొద్దు, పక్కన పెట్టుకోండి. నా పేరు చూసి నవ్వకండి.

చేప గురించి కూడా. రెడ్ వైన్‌తో చేప తింటే నీచు కొడుతుందనేది నిజమే, కానీ దోషం రంగుది కాదు. వైన్‌లో కరిగిన ఇనుము ఎక్కువైనప్పుడు చేప నూనెతో కలిసి ఆ వాసన పుట్టిస్తుంది. పినో లాంటి తేలిక రెడ్‌తో సాల్మన్ తినడం బయట మామూలే. మన కొర్రమీను వేపుడు కూడా పసుపు, మిరియం, ఉప్పుతో చేస్తే సరిపోతుంది. పులుసు పెడితే ఇరానీచాయ్ అన్న చెప్పిందే.

కొండాపూర్_కొత్తోడు

ఐసు బకెట్ పద్ధతి నిన్ననే చేశాను, ఘాటు మాయం! రెండో రోజు సీసా కదా, వాసన కొంచెం తగ్గింది అనిపించింది. ఇప్పుడు రెండో సీసా సంగతి చెప్పండి. షాపులో ఫ్రెంచి లేబుల్ మీద పినో అన్న మాటే కనపడలేదు, ఊరి పేర్లున్నాయి.

లేబుల్_పిచ్చి

మన రాష్ట్రంలో ముందుగా దాటాల్సిన గండం, 'వైన్స్' అని బోర్డు ఉన్న చోట వైన్ ఉండకపోవడం. బీరు, విస్కీ దాటి వెనక అరలో నాలుగు సీసాలుంటాయి, అవీ ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి, దుమ్ముతో. పినో కొనేది ఏసీ ఆగకుండా నడిచే పెద్ద షాపులోనే. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, గచ్చిబౌలి వైపు అలాంటివి ఉన్నాయి. సీసా చేతిలోకి తీసుకుని మెడ చూడండి. బిరడా మూతి అంచుని మించి పైకి ఉబ్బిందా, రేకు కింద జిగురు కారిన చారలున్నాయా? ఉంటే వేడికి వైన్ వ్యాకోచించి బిరడాని తోసిందన్నమాట, వదిలేయండి. మరలు తిప్పే మూత ఉన్నదాన్ని చులకనగా చూడకండి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా మంచి పినోలు చాలావరకు అలాగే వస్తాయి, మొదటి కొనుగోలుకి అదే భద్రం.

సంవత్సరం చూడండి. మామూలు ధర పినో చేసిన మూడు నుంచి ఐదేళ్ళలోపు తాగేయాలి. ఏడేళ్ళ పాతది డిస్కౌంట్‌లో ఇస్తున్నారంటే అది బేరం కాదు, వదిలించుకోవడం. తర్వాత ఆల్కహాల్ అంకె. 12.5 నుంచి 13.5 అంటే చల్లని చోట పండింది, నాజూకు. 14.5 అంటే ఎండ బాగా తగిలిన పండు, జాము లాంటి తీపి వాసన వైపు పోతుంది. మీకు షిరాజ్ అలవాటు కాబట్టి మధ్యలో 13.5 నుంచి 14తో మొదలుపెట్టడం నయం.

ఇక ఊర్ల పేర్లు. ఫ్రాన్స్‌లో బర్గండీ వాళ్ళు ద్రాక్ష పేరు రాయడం నామోషీ అన్నట్టుంటారు. 'బూర్గోన్' (బర్గండీకి ఫ్రెంచి పేరు) అని రాసి లోపల ఎరుపు ఉంటే దాదాపు ఎప్పుడూ పినో న్వారే. కింద నుంచి పైకి నాలుగు మెట్లు: ప్రాంతం పేరు, ఊరి పేరు, ప్రెమియే క్రు (మేలైన తోటలు), గ్రాండ్ క్రు (అన్నిటికంటే గొప్ప తోటలు). మీకు మొదటి మెట్టు చాలు. ఊరి మెట్టులో 'వోల్నే' మెత్తన, 'పొమ్మార్' గట్టిది. ఇక్కడొక ఉచ్చు ఉంది. 'షాంబెర్తాన్' అనేది గ్రాండ్ క్రు తోట. 'జెవ్రే షాంబెర్తాన్' మాత్రం ఊరు. ఆ ఊరివాళ్ళు తోటకున్న గొప్ప పేరుని 1847లో తమ ఊరి పేరుకి తగిలించుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళూ అదే దారి పట్టాయి. కాబట్టి పేరులో షాంబెర్తాన్ కనిపించగానే ఆ గొప్ప తోటదే అనుకోకండి, గ్రాండ్ క్రు అని రాసి ఉంటేనే గ్రాండ్ క్రు తోటది. ధరలో తేడా చాలా ఉంటుంది.

ఇతర దేశాల్లో పేర్లు మారతాయి. జర్మనీలో 'ష్పేట్‌బుర్గుండర్', ఇటలీలో 'పినో నేరో', రెండూ ఇదే ద్రాక్ష. 'పినో గ్రీజో' తెల్ల వైన్. 'పినోటాజ్' మాత్రం వేరే రకం, 1925లో దక్షిణాఫ్రికాలో పినోని సాన్సో అనే ఇంకో ద్రాక్షతో కలిపి పుట్టించారు, రుచి గట్టిగా పొగచూరినట్టుంటుంది. తెలీక కొని పినో ఇంతేనేమో అనుకునేవాళ్ళున్నారు.

అమెరికా సీసా అయితే ఇంకో లెక్క. కాలిఫోర్నియాలో లేబుల్ మీద పినో అని రాయడానికి 75 శాతం ఉంటే చాలు. మిగతా పాతికలో రంగు కోసం షిరాజ్ లాంటి ముదురు ద్రాక్ష కలిపినా చట్టబద్ధమే. చవక కాలిఫోర్నియా పినో ముదురు రంగులో, తియ్యగా ఉందంటే కారణం అదై ఉండొచ్చు. ఒరెగాన్‌లో 90 శాతం ఉండాలి. యూరప్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 85.

ధర ఎందుకంత అంటే, పండే చోట దిగుబడి తక్కువ, దాని మీద ఏళ్ళ తరబడి 150 శాతం దిగుమతి సుంకం, ఆపైన రాష్ట్ర పన్ను. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చాక అక్కడి ఓ మాదిరి ఖరీదున్న వైన్ల మీద సుంకం మెట్లు మెట్లుగా తగ్గుతోంది. అందుకని యారా వ్యాలీ, మార్నింగ్టన్ పెనిన్సులా, టాస్మేనియా పేర్లు కనిపిస్తే ఆగి చూడండి. విదేశాల నుంచి ఎవరైనా శంషాబాద్‌లో దిగుతుంటే మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు.

మేడమీద_మొక్కలు

వైన్ తాగను గానీ చిన్న సందేహం. ఈ తీగ మేడ మీద డ్రమ్ములో పెంచొచ్చా? ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అంతా ద్రాక్ష తోటలే కదా.

తీగపందిరి

తోటలున్నమాట నిజమే, కానీ అవి తినే రకాలు. అనాబ్-ఎ-షాహి పేరే ఈ ఊరిది. పెద్ద కాయ, గింజ, పల్చని పసుపు పచ్చ. ఆ తర్వాత థాంప్సన్ సీడ్‌లెస్ వచ్చింది. అవి ఈ వేడికి ఓర్చుకుంటాయి.

పినోకి తీగ పెరిగే నెలల సగటు వేడి 14 నుంచి 16 డిగ్రీల మధ్య ఉండాలి. మనకి అన్నిటికంటే చల్లని డిసెంబరు సగటే 21, 22. చలి లేక తీగ నిద్రపోదు, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. అందుకే ఇక్కడ ద్రాక్షకి రెండు కత్తిరింపులు: ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. కాయ ఫిబ్రవరి, మార్చిలో పండుతుంది, అప్పటికే మధ్యాహ్నాలు 35 దగ్గర. ఆ ఎండలో పినో కాయలో చక్కెర పరుగున ఎక్కుతుంది, పులుపు పడిపోతుంది, వాసన తయారయ్యేలోపే పండు అయిపోతుంది. పల్చని తొక్క ఎండకి కమిలి ఎండుద్రాక్షలా ముడతలు పడుతుంది. ఒక్క అకాల వాన పడితే ఇంకో కష్టం. గుత్తి బిగువుగా ఉంటుంది కాబట్టి మధ్యలో కాయ ఒకటి చిట్లితే తడి ఆరదు, బూజు లోపల్లోపలే గుత్తంతా పాకుతుంది. సొంత దేశంలోనూ సుఖం లేదు లెండి. చిగురు ముందే వేస్తుంది కాబట్టి వసంతపు మంచుకి మాడిపోతుంది. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ రైతులు రాత్రంతా వరసల మధ్య మైనపు కుండలు వెలిగించి కాపలా కాశారు.

మేడ మీదకైతే థాంప్సన్ అంటుమొక్క తెచ్చుకోండి. 200 లీటర్ల డ్రమ్ముని సగానికి కోసి, అడుగున నీళ్ళు పోయే కన్నాలు ఆరేడు పెట్టండి. 'డాగ్‌రిడ్జ్' వేరు మీద కట్టిన అంటు అడగండి, ఉప్పు నీళ్ళకీ నీటి ఎద్దడికీ తట్టుకుంటుంది, మన బోరు నీళ్ళకి అది ముఖ్యం. పినో కొమ్మ ముక్క విదేశం నుంచి సూట్‌కేసులో తెచ్చే ఆలోచన మాత్రం చేయకండి, అనుమతి, క్వారంటైన్ లేకుండా మొక్క భాగాలు తేకూడదు.

ఐసుబకెట్

కొత్తోడు గారూ, రెండో రోజు వాసన తగ్గిందన్నారు కదా, మామూలే. సీసాలో సగం ఖాళీ అయితే ఆ సగం గాలే. షిరాజ్ మూడు రోజులు ఆగుతుంది, పినోకి ఒకటిన్నర, రెండు రోజులే ఆయుష్షు, అదీ ఫ్రిజ్‌లో. తాగే ముందే తేల్చుకోండి: సగమే తాగాలనుకుంటే సీసా తెరిచిన వెంటనే 375 మి.లీ. చిన్న సీసాలోకి మెడ అంచుదాకా పోసి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. గాలికి చోటు లేదు కాబట్టి నాలుగైదు రోజులు దాదాపు అలాగే ఉంటుంది. చిన్న సీసా వాసన లేకుండా కడిగి ఉండాలి, కొబ్బరినూనెదో, వెనిగర్‌దో వద్దు.

తెరవనివి దాచుకోవాలంటే అటక మీద, ఫ్రిజ్ నెత్తిన, వంటింటి అలమరలో పెట్టొద్దు. మేలో అటక మీద వేడి ఎంతుంటుందో మీకు తెలుసు. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టండి. కొన్ని నెలలకి ఏం కాదు, ఏళ్ళ తరబడి అయితే బిరడా ఎండుతుంది.

నిమ్మచెక్క

శనివారం అతిథుల ముందు తెరిచేటప్పుడు ముందు మీరు ఒక గుక్క పోసుకుని వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె, నానిన గోనెసంచి వాసన వస్తే బిరడా దోషం, ఎంతసేపు ఉంచినా పోదు, ఇంకా పెరుగుతుంది. రెండో సీసా తెరవండి. అగ్గిపుల్ల గీసినట్టు, ఉడికిన గుడ్డులా వస్తే భయం లేదు, గాలి అందక వచ్చే వాసన అది. గ్లాసులో గట్టిగా తిప్పి పది నిమిషాలు వదిలేస్తే చాలావరకు పోతుంది. నెయిల్ పాలిష్ వాసన వస్తే మాత్రం పోదు, అది వెనిగర్ దారి పట్టింది.

కొండాపూర్_కొత్తోడు

అయితే పత్తర్ కా గోష్త్, పుట్టగొడుగులు, బగారా అన్నం. హలీమ్ దొరికితే నిమ్మకాయ విడిగా. టాస్మేనియాది మరమూత సీసా రెండు దొరుకుతాయేమో రేపు చూస్తా. చివరిగా ఒక్కటి: మొదటి సీసాలో ఇంకో గ్లాసుడు మిగిలింది, మూడో రోజు. తాగాలా, పారబోయాలా?

ఇరానీచాయ్_సగం

రెండూ వద్దన్నా. శనివారం పుట్టగొడుగులు వేపేటప్పుడు నీళ్ళు ఇగిరినంక గది పోసి పెద్ద మంట మీద రెండు నిమిషాలు మరిగియ్యి, సగానికి చిక్కబడ్డంక ఒక చెంచ వెన్న ఏసి దించు. అల్యూమినియం మూకుడు వాడకు, పులుపుకు నల్లగైతది.